గురువారం నాటి అగ్గువ టికెట్

ఇది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. నన్ను ఇంట్లో పెట్టుకున్న చిన్నమ్మకు చెప్పలేదు. షాపులో మూడేళ్లు నాతో పనిచేసిన అక్కకు చెప్పలేదు. రోజూ రాసుకునే డైరీలో కూడా ఆ రోజు పేజీలో "కరెంటు లేదు. ఢిల్లీ టికెట్ ఒకటి ఇచ్చాను" అని రెండు ముక్కలు రాసి మూసేశాను. గురువారం బంద్ ఉండబోతోందని నాకు బుధవారం పొద్దున్నే తెలుసు. తెలిసి కూడా గురువారం మధ్యాహ్నం విమానానికి ఒక అమ్మాయికి చవక టికెట్ ఇచ్చాను.

అప్పుడు నేను జనగామలో, స్టేషన్‌కు పోయే రోడ్డు మీద ఒక ఇంటర్నెట్ షాపులో పనిచేసేదాన్ని. మాది బయ్యారం దగ్గర పల్లె. డిగ్రీ అయ్యాక మంచి కొలువేదైనా దొరికేదాకా అని చిన్నమ్మ ఇంటికి వచ్చి ఆ షాపులో చేరాను. ఓనరును మేము అన్న అనేవాళ్లం. ముందు జిరాక్స్ మిషన్, దాని దగ్గర అక్క. లోపల నాలుగు కంప్యూటర్లు. మూడింటి మీద పిల్లలు పరీక్ష ఫలితాలు చూసుకునేవారు. నాలుగోది నాది. దాని మీద రైలు టికెట్లు, విమానం టికెట్లు తీసేదాన్ని. పని లేనప్పుడు కీబోర్డు కింద లైబ్రరీ పుస్తకం ఉండేది.

జనగామలో విమానం టికెట్లు ఎవరు కొంటారని మీరు అడగొచ్చు. మిలిటరీ నుంచి సెలవు మీద వచ్చినవాళ్లు కొనేవారు. గల్ఫ్ పోయేవాళ్లు ముంబై దాకా కొనేవారు. తెలంగాణ రాష్ట్రం కోసం సమ్మె మొదలై, బస్సులు డిపోల్లో, రైళ్లు పట్టాల మీద ఆగిపోయాక మాత్రం ఎన్నడూ విమానం ఊసెత్తనివాళ్లు కూడా వచ్చి, "విమానానికి ఎంతవడ్తది బిడ్డా?" అని అడిగేవారు. నేనప్పటికి విమానాన్ని ఆకాశంలో తప్ప చూడలేదు. ఆ సంగతి వాళ్లు అడగలేదు, నేను చెప్పలేదు.

ఇప్పుడు మీ చేతిలోని ఫోనే అన్ని ధరలనూ వరుసగా పేర్చి చూపిస్తుంది. అప్పట్లో కూడా అలా చూపే సైట్లు ఉండేవి గానీ, మా నెట్ వేగానికి అవి తెరుచుకునేవి కావు. అందుకని ఒక్కో కంపెనీ సైటును విడిగా తెరిచి, ధర చూసి, పొడుగు నోట్‌బుక్‌లో రాసుకునేదాన్ని. మొదటి పేజీలో కనిపించే ధర అసలు ధర కాదు. పన్నులు, కార్డు రుసుము, ఇంకేవేవో మూడో పేజీలోనో నాలుగో పేజీలోనో వచ్చి చేరేవి. కాబట్టి ప్రయాణికుల పేర్ల దాకా నింపి, డబ్బు కట్టే పేజీ తెరుచుకున్నాక, అక్కడున్న అంకె మాత్రమే రాసేదాన్ని. ఆరు సైట్లను అలా చివరిదాకా చూసి వెనక్కి రావడానికి గంట పట్టేది. ఆ గంటసేపూ కొనేవాళ్లు నా వెనక ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చుని నా వీపును చూస్తుండేవారు. నాకది హాయిగా ఉండేది. ఎవరి మొహంలోకీ చూడక్కర్లేదు.

మాట్లాడే పని అన్న చూసుకునేవాడు. "నువ్వు రేటు చెప్పు. ముచ్చట నేను చెప్త" అనేవాడు. ఆ బుధవారానికి వారం ముందే ఒక పెద్దమనిషి కాజీపేట రైలుకు టికెట్ అడిగితే, ఆ రైలు నడవకపోవచ్చని నోరు జారాను. ఆయన లేచి ఎదురు షాపుకు పోయాడు.

"నిన్నెవలు అడిగిండ్రు? నువ్వేమన్న రైల్వే మంత్రివా?" అన్నాడు అన్న.

అక్క జిరాక్స్ మిషన్ మూత దించుతూ, "మూడు నెల్లకోపారి నోరు తెరుస్తది. గది గూడ దుకాణం ముంచెతందుకే" అంది. ముగ్గురం నవ్వుకున్నాం. కానీ నాకా మాట పట్టుకుంది.

ఆ బుధవారం పొద్దున షేర్ ఆటోలో షాపుకు వస్తున్నాను. ఆ డ్రైవరు ఆటోల యూనియన్‌లో తిరిగే మనిషి. దిగేటప్పుడు చిల్లర ఇస్తూ, "రేపు నా బండి రాదు చెల్లె. బంద్" అన్నాడు.

"టీవీల ఏం చెప్పలేదు గదా అన్నా?"

"పొద్దుమూకినంక చెప్తరు. మాకు ఇంతకుముందే ఫోనొచ్చింది. ఈపారి గట్టిగనే ఉంటది. పట్నం దాకా రోడ్ల మీదనే వంటలు."

నేను తల ఊపి దిగాను. ఆ రోజుల్లో బంద్ గానీ, నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి దారి ఆపడం గానీ కొత్త వార్త కాదు. నెలరోజులుగా ఏదో ఒకటి ఆగే ఉంది. భూపాలపల్లి వైపు బొగ్గు బావుల్లో పని ఆపేశాక కరెంటు కూడా ఎప్పుడు వస్తే అప్పుడే. షాపుకు వచ్చేసరికి ఆ పూట కరెంటు లేదు. ఇన్వర్టర్ మీద రెండు గంటలకు మించి నడవదు.

పది దాటాక ఒక తండ్రీ కూతురూ వచ్చారు. జనగామకు పది మైళ్ల దూరంలో ఊరు. ఆయన పత్తి చేను చేసుకునే మనిషి, ఊళ్లో చర్చి పనులు కూడా చూసేవాడట. కూతురిది నా వయసే. నర్సింగ్ చదివి రెండేళ్లుగా కొలువు కోసం తిరుగుతోంది. ఒళ్లో సర్టిఫికెట్ల ఫైలు పెట్టుకుని కూర్చుంది. ఢిల్లీలో ఒక పెద్ద ఆసుపత్రి నుంచి ఆమెకు కాగితం వచ్చింది. శుక్రవారం ఉదయం పది గంటలకల్లా వచ్చి చేరాలి, రాకపోతే ఆ చోటు జాబితాలో తర్వాతి పేరుకు పోతుంది. ముందు రోజు సాయంత్రం ఎక్కవలసిన రైలు రద్దయింది.

"ఇగ విమానమే దిక్కు అన్నరు అందరు, సేటు. మాకేం ఎరుక? మా తాతలు గూడ ఎక్కలే" అన్నాడు ఆయన అన్నతో.

"ఫికర్ చెయ్యకు కాకా. మా పిల్ల అన్నిట్ల చూసి అగ్గువది తీస్తది" అన్నాడు అన్న.

నేను మొదలుపెట్టాను. ఒక సైటు తెరుచుకోవడానికే పావుగంట. రెండోది సగంలో ఆగి మళ్లీ మొదటికి వచ్చింది. ఇన్వర్టర్ కూత పెడుతోంది. అక్క వచ్చి మిగతా మూడు కంప్యూటర్లూ, తన ఫ్యానూ ఆపేసింది. "తియ్ తల్లీ, నీ విమానం కోసం మేం చెమటల మునుగుతం" అంది. ఆరు సైట్లూ చివరిదాకా చూసేసరికి నోట్‌బుక్‌లో రెండు అంకెలు మిగిలాయి. హైదరాబాద్ నుంచి బుధవారం రాత్రి తొమ్మిది గంటల విమానం ఒకటి. గురువారం మధ్యాహ్నం మూడు గంటలది ఒకటి. గురువారంది రాత్రి దాంట్లో ఇంచుమించు సగం. నేను నమ్మలేక మళ్లీ చివరి పేజీ దాకా పోయి చూశాను. అదే అంకె.

బంద్ సంగతి విమానం కంపెనీలకు ఆటోవాళ్ల కంటే ముందే తెలుస్తుందేమోనని తర్వాత అనుకున్నాను. అప్పుడు మాత్రం ఆ అంకెను చూసి నా గుండె పొంగింది.

నోట్‌బుక్ అన్న ముందు పెట్టాను. ఆయన చూసి, అందరికీ వినిపించేటట్టు, "షాబాష్! గిట్ల అగ్గువ తీసేటోళ్లు వరంగల్‌ల గూడ లేరు పో" అన్నాడు. మూడేళ్లలో ఆయన నన్ను మెచ్చుకోవడం అదే మొదటిసారి. తండ్రి రెండు చేతులూ జోడించినంత పని చేశాడు.

"నా దగ్గరున్న పైసలు రాత్రి దానికి గూడ సరిపోతుండె బిడ్డా. కాని గా టికెట్ తీస్కుంటె ఈ పిల్ల ఒట్టి చేతులతోటి దిగుతుండె ఆడ. ఇప్పుడు రూం కిరాయికి, నెల రోజులు తిండికి మిగిల్తయి. దేవుడు నీ చేత చేయించిండు."

అప్పుడు నేను అనాల్సింది పెద్ద ఉపన్యాసమేమీ కాదు. "రేపు బంద్ అంటున్నరు కాకా. టికెట్ ఇదే తీసుకోండ్రి, కాని ఇయ్యాల్నే పట్నం పోయి పండుకోండ్రి." అంతే. ఆటోలు, జీపులు ఆ రోజు నడుస్తూనే ఉన్నాయి. సికింద్రాబాద్‌లో ఏదైనా చర్చిలో ఒక రాత్రి తలదాచుకుంటే సరిపోయేది. అన్న అమ్మకం కూడా ఎక్కడికీ పోయేది కాదు.

నాకు సిగ్గెక్కువ, నలుగురిలో నోరు పెగలదు, అందుకే అనలేదని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. నిజం అది కాదు. ఆ మెప్పు నాకు ఇంకాస్త సేపు కావాలనిపించింది. బంద్ అన్నానంటే అందరి మొహాలూ మారతాయి, నా అంకె విలువ పోతుంది. పైగా ఇంకా ప్రకటించలేదు కదా, ఆటోవాళ్లు వంద మాట్లాడతారు కదా అని నాలో నేనే వాదించుకున్నాను. అన్న జేబులోంచి కార్డు తీసి, ఎప్పటిలాగే ఎడమ చెయ్యి అడ్డం పెట్టుకుని పాస్‌వర్డ్ కొట్టాడు. ఇన్వర్టర్ ఆగిపోయే ముందు ప్రింటు బయటికి వచ్చింది. ఆ కాగితాన్ని ఆ అమ్మాయి ఫైల్లో అన్నిటికంటే పైన పెట్టుకుంది.

సాయంత్రం కరెంటు వచ్చి టీవీ పెట్టేసరికి కింద అక్షరాలు పరుగెడుతున్నాయి. రేపు బంద్. నేను వెంటనే టికెట్ కోసం వాళ్లిచ్చిన నంబరుకు ఫోన్ చేశాను. స్విచ్ ఆఫ్. పది నిమిషాలకోసారి చేశాను. షాపు మూసేదాకా అదే.

"ఆ దిక్కు ఊళ్లల్ల పొద్దటి సంది కరెంటు లేదంట. ఫోన్లన్ని సచ్చి పడుంటయి" అంది అక్క.

"ఎయిర్‌పోర్టుకు పోయేటోళ్లను ఆపరు లేవే. టికెట్ చూపెడ్తె ఇడుస్తరు" అన్నాడు అన్న. అది ఆయనకు ఎవరు చెప్పారో తెలియదు.

గురువారం పొద్దున ఇంట్లో కూర్చోలేక నడుచుకుంటూ షాపుకు వచ్చాను. అన్న, అక్క కూడా వచ్చి సగం షట్టరు దించుకుని లోపల కూర్చున్నారు. తొమ్మిదింటికి వాళ్లు వచ్చారు. ఊరి పాస్టరు గారి పాత స్కూటరు మీద తండ్రి, వెనక కూతురు, మధ్యలో బ్యాగు. జనగామలో జీపు పట్టుకోవాలని వాళ్ల ఆలోచన. జీపులన్నీ వరుసగా ఆగి ఉన్నాయి, డ్రైవర్లందరూ రోడ్డు మీద వంటల దగ్గర ఉన్నారు.

టికెట్‌ను వేరే విమానానికి మార్చుకోవచ్చేమోనని అన్న నన్ను అడిగాడు. అంత అగ్గువ టికెట్‌కు ఆ వీలు లేదు. నిబంధన చివరి పేజీలోనే చిన్న అక్షరాల్లో ఉంది. అంకెల కోసం అక్కడిదాకా వెళ్లిన నేను ఆ అక్షరాలు చదవలేదు. ఆ సాయంత్రం బయల్దేరే విమానాల ధరలు చూశాను. ముందు రోజు ధరకు మూడింతలు ఉన్నాయి.

"గన్ని నా తాన లేవు బిడ్డా" అన్నాడు తండ్రి. అంతలోనే, "స్కూటర్ మీదనే పోదం తియ్. ఆపినకాడ బతిమిలాడుకుందం" అన్నాడు.

నేను లేచి చెప్పులేసుకున్నాను. ఊరు దాటేచోట మొదటి అడ్డు ఉందని విన్నాను. అక్కడిదాకా వస్తానన్నాను. అక్క నావైపు వింతగా చూసింది.

హైవే మీద రాళ్లు అడ్డంగా పెట్టి, నడిరోడ్డున టెంటు వేశారు. మూడు పొయ్యిలు, వాటి మీద పెద్ద పెద్ద వంట గంజులు. ఒక అవ్వ కొంగు నడుముకు చుట్టుకుని అన్నం కలియబెడుతోంది. మెడలో కండువా ఉన్న ఒకాయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఎటు పోతుండ్రు?"

"ఎయిర్‌పోర్టుకు" అన్నాడు తండ్రి.

"స్కూటర్ మీద ఎయిర్‌పోర్టుకా? విమానం గూడ మా అసొంటోళ్లదే అయింది పోండ్రి!" అందరూ నవ్వారు. తండ్రి స్కూటరు ఆపి దిగాడు. కూతురు తల దించుకుంది.

నేను మాట్లాడాను. నా గొంతు నాకే ఎవరిదోలా వినిపించింది. "అన్నా, ఈమెకు ఢిల్లీల నర్సు కొలువొచ్చింది. రేపు పదింటికి ఆడ ఉండాలె. మూడింటికి విమానం. టికెట్ నేనే తీసిన."

"నువ్వే తీసినవా? బంద్ నాడు టికెట్ ఎట్ల తీసినవే పిల్లా?" అన్నాడాయన. నవ్వులాటకే అన్నాడు. మళ్లీ అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ ప్రశ్న నన్ను అడిగినవాడు ఆయనొక్కడే. జవాబు కోసం మాత్రం ఆగలేదు.

అవ్వ గరిటె పైకెత్తింది. "నర్సా? సూదిమందు ఇచ్చే పిల్లనా? పోనియ్యిర్రా. రేపు మీకు లాఠీ దెబ్బలు తగుల్తె కట్లు కట్టేది గీ పిల్లలే గదా."

"పోనిస్తం అవ్వా. మరి తినకుంట ఎట్ల పోతరు?"

ఆ రోజుల్లో అదొక పద్ధతి. రోడ్డు మీద ఆపినవాళ్లకు తినిపించి పంపేవారు. బస్తీలో ఇంటింటికీ తిరిగి తెచ్చిన బియ్యం అది. కాదంటే ఆ ఇళ్లన్నిటినీ కాదన్నట్టే.

"ఆకలి లేదవ్వా" అంది ఆ అమ్మాయి.

"తెలంగాణ బువ్వ వద్దంటవా బిడ్డా? కూసో. చారు ఒక్క పొంగు రానియ్యి."

కూర్చున్నారు. విస్తరాకుల్లో వేడివేడి అన్నం పెట్టారు. ఆ అమ్మాయి ఒళ్లో ఫైలు పెట్టుకుని, వేళ్లు కాలుతుంటే ఊదుకుంటూ, గబగబా మింగింది. అవ్వ మళ్లీ పెట్టబోతే తండ్రి విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టాడు. వాళ్ల ప్రేమకు అరగంట పట్టింది. తర్వాత నలుగురు కలిసి రాళ్లు పక్కకు జరిపి స్కూటరును దాటించారు. "రాష్ట్రం వచ్చినంక వాపస్ రా బిడ్డా. ఈడనే పెద్ద దవాఖాన పెట్టుకుందం" అని కండువా ఆయన వెనక నుంచి అరిచాడు. నిజంగానే అన్నాడు. ఆయన కళ్లల్లో నీళ్లున్నాయి.

నేను షాపుకు తిరిగొచ్చి ఫోను పక్కన కూర్చున్నాను. ఆలేరు, భువనగిరి, ఇంకా మధ్యలో ఊళ్లు. ఆపినచోటల్లా ఇలాగే బతిమిలాడాలి. కొన్నిచోట్ల ఇలాగే తినాలి. మూడు దాటి కొంతసేపయ్యాక ఎవరిదో ఫోను నుంచి తండ్రి మాట్లాడాడు.

"బిడ్డా, ఇప్పుడే ఘట్‌కేసర్ దాటినం. టైం అయిపోయింది గదా. ఇగ ఏం చెయ్యమంటవ్?"

నేను ఫోను అన్నకు ఇచ్చాను.

శుక్రవారం వాళ్లు ఆసుపత్రికి ఫోన్ చేస్తే, రెండు రోజులు కూడా ఆగలేమని, జాబితాలో తర్వాతి పేరును పిలిచామని చెప్పారట. టికెట్‌లో పన్నుల మేరకు మాత్రం డబ్బు వెనక్కి వచ్చింది.

"బంద్‌కు మనమేం చేస్తం?" అన్నాడు అన్న. "పిల్ల నసీబు" అంది అక్క. తండ్రి కూడా అదే అన్నాడట. ఆ బంద్‌ను తప్పుపట్టడానికి నేనిది రాయడం లేదు. మా ఇంట్లోనూ అందరం రాష్ట్రం రావాలనే కోరుకున్నాం. అక్క తన వాటా బియ్యం ఆ గంజులోనే పోసింది. కానీ బంద్ వెనక ఎన్ని దాచుకోవచ్చో ఆ నెలలో తెలిసింది. షాపు ఆలస్యంగా తెరిస్తే బంద్. అప్లికేషన్ పంపడం మరిచిపోతే బంద్. నా మౌనాన్ని కూడా అందులోకే తోసేస్తే ఎవరికీ అనుమానం రాలేదు.

ఆ తర్వాత నా నోట్‌బుక్‌లో ధర పక్కన ఇంకో గడి గీసుకున్నాను. ఎయిర్‌పోర్టు దాకా ఎట్ల పోతారు, ఎప్పుడు బయల్దేరుతారు అని అడిగి అందులో రాసేదాన్ని. అడగడానికి మొదట్లో చెమటలు పట్టేవి. "పెండ్లిచూపుల లెక్క అన్ని అడుగుతుంది ఈ పిల్ల" అని అక్క వెక్కిరించేది. అన్న మొదట విసుక్కున్నాడు, తర్వాత అలవాటు పడ్డాడు. ఇప్పుడా షాపు లేదు, ఆ ఉద్యోగమే లేదు. ఎవరికోసమో వెతికిపెట్టే ఇలాంటి కుర్చీల్లో కూర్చునేవాళ్లకు చెప్పగలిగింది ఏమైనా ఉంటే ఆ గడి గురించే. చివరి పేజీలోని చిన్న అక్షరాల గురించి కూడా.

సమ్మె ముగిసి, బస్సులు తిరిగి నడుస్తున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం ఆ అమ్మాయి ఒక్కతే షాపుకు వచ్చింది. మానుకోటలో ఒక చిన్న దవాఖానలో ఉద్యోగం దొరికిందట. సర్టిఫికెట్లు స్కాన్ చేసి పంపమంది. అన్న భోజనానికి పోయాడు. అక్క ముందు గదిలో ఎవరితోనో ముచ్చట పెట్టింది. నేను ఒక్కో కాగితం అద్దం మీద పెడుతున్నాను. ఢిల్లీ కాగితం కూడా ఇంకా ఆ ఫైల్లోనే ఉంది, దాన్ని ఆమె తీసి పక్కన పెట్టింది.

"జీతం ఎట్లుంటది?" అని అడిగాను.

"ఏదో. నైట్ డ్యూటీలు ఎక్కువట. ఢిల్లీ కన్న ఇంటికి దగ్గర గదా అని నాయిన ఖుషీగున్నడు."

కాగితాలన్నీ పంపాను. డబ్బు వద్దంటే ఒప్పుకోలేదు, బల్ల మీద పెట్టింది. ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పలేనని నాకు తెలుసు. కుర్చీ ఆమె వైపు తిప్పుకున్నాను.

"ఆ రోజు టికెట్ ఇచ్చినప్పుడు..." అన్నాను. అక్కడ ఆగిపోయాను.

నేను బాధపడుతున్నాననుకుంది. లేచి, ఫైలు చంకలో పెట్టుకుని, నన్ను ఊరడించడానికన్నట్టు భుజం మీద చెయ్యి వేసింది. మళ్లీ ఆమెను చూడలేదు. పోతూ పోతూ నాతో అన్నది ఇదే:

"నువ్వు మనసుల పెట్టుకోకు అక్కా. రేపు బంద్ అని టికెట్ తీసిన నాడు పొద్దుగాలనే నాకు ఎరుక. మా ఇంటికి బియ్యం అడగొచ్చిండ్రు, నాయిన చేన్ల ఉండె. నాయినకు చెప్దామనే అనుకున్న. కాని నువ్వు టికెట్ ఇచ్చినవ్ గదా, ఇగ బంద్ లేదు గావచ్చనుకున్న."